పెట్టె తర్వాత, ముందు బొమ్మ చూడండి: బొలోన్యా న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ

ఇటలీలోని బొలోన్యా నగరంలో ఏటా జరిగే పాత సినిమాల పండగ ఇల్ చినెమా రిత్రొవాతో ఉత్సవంలో డీవీడీ పురస్కారాలు నిర్ణయించే న్యాయనిర్ణేతలకు,

నమస్కారం.

నేను మీకు తెలిసిన మనిషిని కాను. హైదరాబాదులో ఒక చిన్న ఫిల్మ్ సొసైటీకి సినిమాలు ఎంచిపెట్టే నలుగురిలో ఒకణ్ని. వేసవిలో మీరు బహుమతులు ప్రకటించగానే ఆ జాబితాను అచ్చు తీసుకుని, ఈ ఏడు ఏవి తెప్పించుకోవాలో అని లెక్కలు వేసుకునేవాళ్లం మేము. పాత ఇటాలియన్ సినిమాల మంచి ప్రతులు ఇక్కడి దుకాణాల్లో దొరకవు. విదేశాల నుంచి తెప్పించుకోవాలి. డిస్కు ధర మీద రవాణా, దాని మీద కస్టమ్స్ సుంకం. ఇవన్నీ కట్టాక చేతికొచ్చిన డిస్కు మన ప్లేయర్‌లో ఆడుతుందన్న భరోసా లేదు. బ్లూరేల లెక్కలో మీది బీ ప్రాంతం, మాది సీ. డీవీడీల్లో మీది 2, మాది 5. అందుకని ఏ ప్రాంతం డిస్కునైనా ఆడించే ప్లేయర్ ఒకటి వెతికి కొనుక్కోవాలి. ఇంత తంటా పడి తెరమీద వేశాక మనుషుల ముఖాలు చర్మమే లేనంత నునుపుగా, తెల్ల చొక్కాలు పసుపు పూసినట్టుగా కనిపిస్తే, తొలిసారి ఆ సినిమా చూస్తున్న కుర్రాడికి ఏమని చెప్పాలి? అసలు సినిమా ఇలా ఉండదు బాబూ అని చెప్పుకోవాల్సి వస్తోంది.

అందుకే ఈ లేఖ. తెలుగులో రాస్తున్నాను, ఎందుకంటే ఈ డిస్కులు కొనే తెలుగువాళ్లు ఇక్కడా, అమెరికాలోనూ ఉన్నారు. ఈ గోడు వాళ్లదీ. ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా పంపుతున్నాను. అడిగేది ఒక్కటే. బహుమతి ఇచ్చేముందు బొమ్మనూ ధ్వనినీ పరీక్షించండి. ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో, దానికి ఏమేం చేశారో డిస్కు మీద రాయని ప్రచురణకర్తకు బహుమతి ఇవ్వకండి.

2004 నుంచి మీ ఉత్సవం ఈ పురస్కారాలు ఇస్తోంది. సినిమాతో పాటు ఇచ్చే అదనపు వీడియోలు, వ్యాఖ్యానాలు బాగున్నవాటికి, పెట్టె సెట్లకు, మరుగునపడ్డ సినిమాను వెలికితీసినవాటికి బహుమతులున్నాయి. ఇవన్నీ ఉండాల్సినవే. మరుగునపడ్డ సినిమాను బయటికి తెచ్చే చిన్న సంస్థలు మీ బహుమతి వల్లే నాలుగు డిస్కులు ఎక్కువ అమ్ముకుంటాయని నా నమ్మకం. కానీ రంగు సరిగ్గా ఉందా, ధ్వని అసలుదేనా, ఫ్రేము పూర్తిగా ఉందా అని చూసి ఇచ్చే బహుమతి ఒకటి విడిగా నా కంటబడలేదు. ఎనభై పేజీల పుస్తకం, మూడు వ్యాఖ్యానాలు, గట్టి అట్టపెట్టె ఉన్న డిస్కు తూకంలో ఎప్పుడూ బరువుగానే తేలుతుంది. లోపల సినిమా ఎలా ఉందన్నది పెట్టె తెరిచినవాడి అదృష్టం.

ఏ దేశపు సినిమాకైనా ఈ మాట వర్తిస్తుంది కదా, ఇటలీ సంగతే ఎందుకు అంటారేమో. ఇటాలియన్ సినిమాకు తనవైన చిక్కులున్నాయి. 1960లలో అక్కడ ఒక్కో సినిమా ఒక్కో వెడల్పున, ఒక్కో దేశంలో ఒక్కో నిడివితో, ఒక్కో భాషలో ఒక్కో గొంతుతో విడుదలైంది. ఏది అసలు అన్న ప్రశ్నకే ఒక్కోసారి రెండు జవాబులుంటాయి. అలాంటి సినిమాను డిస్కుకు ఎక్కించేవాడు అడుగడుగునా ఏదో ఒక నిర్ణయం తీసుకుంటాడు. ఆ నిర్ణయం ఏమిటో కొనేవాడికి చెప్పడు.

రంగుతో మొదలుపెడతాను, ఎక్కువ రాద్ధాంతం జరిగేది దాని మీదే కాబట్టి.

విస్కోంతీ 1963లో తీసిన 'ద లెపర్డ్'లో చివరి నృత్యోత్సవం దాదాపు ముప్పావు గంట సాగుతుంది. పాలెర్మోలోని గాంజీ భవనం, వందలాది కొవ్వొత్తులు, బంగారు పూత గోడలు, చెమట పట్టిన సైనికాధికారులు. ఛాయాగ్రాహకుడు జుజెప్పె రొతున్నొ దీన్ని టెక్నిరామా పద్ధతిలో తీశాడు. అందులో ఫిల్ము కెమెరాలో అడ్డంగా నడుస్తుంది. ఒక్కో ఫ్రేముకు ఫిల్ము అంచున ఉండే రంధ్రాల లెక్కలో 8 రంధ్రాల పొడవు దక్కుతుంది, అంటే మామూలు 35 మిల్లీమీటర్ల ఫ్రేముకు రెట్టింపు. 2010 పునరుద్ధరణలో ఆ నెగెటివ్‌ను 8కేలో, అంటే ఫ్రేముకు అడ్డంగా దాదాపు ఎనిమిది వేల చుక్కల వివరంతో, స్కాన్ చేశారు. ఈ నృత్య ఘట్టం వచ్చినప్పుడు నేను చూసేది చేతి తొడుగులను. గదిలో వెలుగు వెచ్చగా ఉంది, గోడలు పసుపు. అయినా కిటికీ దగ్గరికి వచ్చిన మనిషి చేతి తొడుగు తెల్లగా మారాలి. గది మధ్యకు వెళ్లగానే మళ్లీ కాస్త వెన్న రంగు తిరగాలి. క్లాడియా కార్డినాలే తెల్ల గౌనులోనూ ఆ తేడా కనిపించాలి. తొడుగు గదంతా ఒకే రంగులో ఉంటే, ఆ పసుపు కొవ్వొత్తులది కాదు; కంప్యూటర్ మీద రంగులు దిద్దే డీఐ గదిలో ఎవరో పూసింది. ఇక నల్ల కోట్లు: మడతలు కనబడాలి. నలుపు ముద్దకట్టి, కోటు ఎక్కడ ముగిసి కుర్చీ ఎక్కడ మొదలైందో తెలియకపోతే అదీ లోపమే.

దీని పక్కన ఆంతోనియోని 'రెడ్ డెజర్ట్' పెట్టి చూడండి. 1964లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ తెచ్చుకున్న ఈ చిత్రం ఆయన తొలి రంగుల సినిమా. రవెన్నా కర్మాగారాల మధ్య కథ. తనకు కావలసిన రంగు దొరక్కపోతే ఆయన లొకేషన్‌కే రంగు వేయించాడు. వీధిలో బండి మీద పళ్లు అమ్ముతుంటారు చూడండి, ఆ పళ్లు కూడా బూడిద రంగులో ఉంటాయి. మోనికా వీట్టి పాత్రకు లోకం అలా కనిపిస్తోంది మరి. తర్వాత ఆమె కొడుక్కి ఒక కథ చెబుతుంది. అక్కడ మాత్రం సార్డీనియా పక్కనున్న బుదెల్లి దీవి, గులాబీ ఇసుక, నీలి నీళ్లు. సహజమైన రంగులు మొదటిసారి తెరమీదికి వస్తాయి. ఈ సినిమా బలమంతా ఆ తేడాలో ఉంది. మొత్తానికి ఒకే వెచ్చని పూత పూస్తే బూడిద పళ్లు గోధుమ రంగుకు దిగుతాయి, పొగమంచు మురికిబారుతుంది, దీవి వచ్చినప్పుడు కంటికి కలగాల్సిన ఊరట కలగదు. కథ అర్థమవుతుంది, సినిమా మాత్రం అందదు. ఒక సినిమాలో వెచ్చదనం ఒప్పు, ఇంకో సినిమాలో అదే తప్పు. ల్యాబులో ఒక అభిరుచి ఏర్పడి అది వచ్చిన ప్రతి సినిమాకూ అంటుకుంటోందా అన్నదే నా అనుమానం.

అనుమానం నా ఒక్కడిదే కాదని మీకు తెలుసు. సెర్జియో లియోనె 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ' 4కే పునరుద్ధరణతో 2014లో బ్లూరేగా వచ్చినప్పుడు పసుపు ఎక్కువైందని కొన్నవాళ్లు బహిరంగంగానే గోల పెట్టారు. 2017లో అమెరికా డిస్కుల సంస్థ కినో లోర్బర్ ఆ పసుపు తగ్గించి రంగులు మళ్లీ సరిచేసి విడుదల చేయాల్సి వచ్చింది. ఆ పునరుద్ధరణ మీ ఊళ్లోని లిమ్మాజినె రిత్రొవాతా ల్యాబులో జరిగింది. ఆ ల్యాబు బొలోన్యా ఫిల్మ్ ఆర్కైవ్ అయిన చినెతెకాది. మీ ఉత్సవాన్ని నడిపేదీ చినెతెకాయే. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ ల్యాబు లేకపోతే ప్రపంచ సినిమాలో ఎన్నో చిత్రాలు ఈపాటికి డబ్బాల్లో పుల్లబడి పోయేవి. కానీ తీర్పు చెప్పేవాళ్లూ పని చేసేవాళ్లూ ఒకే గొడుగు కింద ఉన్నప్పుడు తీర్పు చెప్పేవాళ్లే ముందుగా కాగితాలు అడగాలి. ఆ పసుపుకు ఆధారం ఉండే ఉండవచ్చు. 1966 నాటి మంచి ప్రింటు పక్కన పెట్టుకునే రంగు దిద్దారేమో. అయితే ఏ ప్రింటు, ఎక్కడిది, ఏ స్థితిలో ఉంది అని రెండు వాక్యాలు అచ్చువేస్తే ఇంత రభస ఉండేది కాదు. చెప్పకుండా దాచుకున్న కారణాన్ని ప్రేక్షకుడు గౌరవించలేడు.

ఇటలీకి ఈ విషయంలో ఒక వరం కూడా ఉంది. రోములోని టెక్నికలర్ ల్యాబు 1970ల చివరిదాకా అద్దక పద్ధతిలో, అంటే ఒక్కో రంగునూ విడిగా ఫిల్ము మీద అద్ది, ప్రింట్లు తీసింది. ఈస్ట్‌మన్‌కలర్ ప్రింటు ఏళ్లు గడిస్తే గులాబీ రంగుకు తిరుగుతుంది. ఈ అద్దకం ప్రింటు రంగు మాత్రం తేలిగ్గా వెలవదు. అంటే నాటి రంగుకు సాక్ష్యం నేటికీ దొరుకుతుందన్నమాట. 1977 నాటి 'సస్పీరియా' అలా ప్రింట్లు తీసిన చివరి సినిమాల్లో ఒకటి. దాన్ని సినాప్స్ సంస్థ 4కేలో పునరుద్ధరించినప్పుడు ఛాయాగ్రాహకుడు లుచానో తొవోలి స్వయంగా పర్యవేక్షించాడు. ఎరుపు రక్తంలా చిక్కగా, నీలం కళ్లు చెదిరేలా ఉంటుంది, కానీ ముఖంలో చర్మం చర్మంలాగే మిగులుతుంది. అలాంటి పనిని గుర్తించి, ఇది ఎందుకు బాగుందో మీ నివేదికలో ఒక పేరా రాస్తే మిగతావాళ్లకు అది పాఠం అవుతుంది.

ఛాయాగ్రాహకుడు సరే అన్నాడంటే ఇక మాట్లాడేది లేదు అనుకునేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. వితోరియో స్తొరారో అంతటి మేధావి 1990ల చివర్లో సినిమాలన్నీ 2:1 వెడల్పులో ఉండాలని ఒక సిద్ధాంతం చేశాడు. బెర్తొలూచి 'ద లాస్ట్ ఎంపరర్' 1987లో థియేటర్లలో అంతకన్నా వెడల్పుగా, స్కోప్ బొమ్మగా ఆడింది. 2008లో అమెరికా సంస్థ క్రైటీరియన్ డిస్కు వచ్చేసరికి ఆయన మాట ప్రకారం అది 2:1కి కుంచించుకుపోయింది. నిషిద్ధ నగరపు ప్రాంగణంలో బారులు తీరిన మనుషులు రెండు పక్కలా తెగిపోయారు. తీసినవాడికి తన పనిని మళ్లీ మార్చుకునే హక్కు ఉండవచ్చు, కాని 1987లో జనం చూసిన సినిమాను చూసే హక్కు నాకూ ఉంది. మా తెలుగువాళ్లకు ఈ బాధ కొత్త కాదు. 'మాయాబజార్'కు 2010లో రంగులద్ది, స్కోప్ తెరకు సరిపోయేలా మలిచి, డీటీఎస్ ధ్వనితో విడుదల చేస్తే జనం పండగ చేసుకున్నారు. హాల్లో పిల్లల కేరింతలు విని నేనూ సంతోషించాను. అయినా మార్కస్ బార్ట్లే 1957లో పేర్చిన ఫ్రేములో పైనా కిందా ఎంత పోయిందో తెలిసినవాడికి గుండె చివుక్కుమంటుంది. కొత్తది రానివ్వండి, పాతదాన్నీ పక్కన ఉంచండి అనేది రెండు చోట్లా చేయదగ్గ విన్నపమే.

గ్రెయిన్ విషయం. నేటి టీవీలకు అలవాటుపడిన కళ్లకు ఫిల్ము మీది రేణువులు మురికిలా కనబడతాయి కాబట్టి కంప్యూటర్‌తో తుడిచేస్తారు. రేణువులతో పాటు చర్మ రంధ్రాలు, బట్టల నేత, వాన చినుకులు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. లియోనె వెస్టర్న్‌లు టెక్నిస్కోప్‌లో తీశారు. 1960లో టెక్నికలర్ ఇటలీ శాఖ కనిపెట్టిన పొదుపు పద్ధతి అది. ఫ్రేముకు 4 రంధ్రాల బదులు 2 చాలు, అదే రీలు రెట్టింపు సేపు నడుస్తుంది. సగం ఫ్రేమును సాగదీసి తెర నింపాలి కాబట్టి రేణువు పెద్దదిగా కనిపిస్తుంది. అది ఆ సినిమా పుట్టుమచ్చ. ఈలై వాలక్ ముఖాన్ని తెర నిండా చూపినప్పుడు దుమ్ము, చెమట, పగిలిన పెదవులు ఆ రేణువుల్లోంచే కనిపిస్తాయి. తుడిచేస్తే మిగిలేది నున్నటి ముఖం, మేకప్ వేసిన పెద్దమనిషి.

రోసెల్లినీ 1945 నాటి 'రోమ్, ఓపెన్ సిటీ' గురించి ఎన్నాళ్లో ఒక కథ చలామణి అయింది. యుద్ధకాలంలో దొరికిన ముక్కాచెక్కా ఫిల్మంతా అతికించి తీశారని, అందుకే బొమ్మ అలా మారుతూ ఉంటుందని. నెగెటివ్ దొరికాక చూస్తే అందులో ఉన్నవి మూడే రకాలు. ఆరుబయటి దృశ్యాలకు ఫెర్రానియా సీ-6, లోపలి దృశ్యాలకు ఆగ్ఫా సూపర్ పాన్, ఆగ్ఫా అల్ట్రా రాపిడ్. వెలుగు మారడానికి కారణం ల్యాబులో సరిగా డెవలప్ చేయకపోవడం. ఈ సంగతి తెలిసినవాడు ఆ సినిమాను పునరుద్ధరించేటప్పుడు ఏం చేయాలి? నాటి ల్యాబు లోపాన్ని సరిచేయాలా, 1945లో రోము జనం ఆ లోపంతోనే చూశారు కాబట్టి వదిలేయాలా? నేనైతే కంటికి అడ్డుపడే మినుకును మాత్రం తగ్గించి మిగతాది ముట్టుకోను. ఇంకొకరు వేరేగా ఆలోచించవచ్చు. ఇద్దరిలో ఎవరు ఏం చేశారో డిస్కు మీద రాసి ఉండాలి, అంతే.

ఎక్కువ వివరం కనిపిస్తే మంచి డిస్కు అన్న లెక్క కూడా తప్పే. ఫెల్లినీ '8½' మొదట్లో వచ్చే ఖనిజ జలాల విహారస్థలం దృశ్యంలో జాన్నీ దీ వెనాంజో తెలుపును కావాలనే మిరుమిట్లు గొలిపేలా వదిలాడు. గొడుగులు, టోపీలు, ముసలమ్మల దుస్తులు ఎండలో కరిగిపోతుంటాయి. ఆ తెలుపులో దాగిన గీతలన్నీ బయటికి లాగి చూపిస్తే సాంకేతికంగా మార్కులు పడతాయి. ఆ ఎండ మాత్రం మబ్బు పట్టినట్టు అవుతుంది.

ఇక ధ్వని. ఇటలీలో దశాబ్దాల పాటు షూటింగులో రికార్డు చేసిన మాట సినిమాలోకి వచ్చేది కాదు. అంతా తర్వాత డబ్బింగే. డబ్బింగ్ థియేటర్ల నీడలో పెరిగిన తెలుగు సినిమావాళ్లకు ఇది వింతగా అనిపించదు. ఫెల్లినీ కొందరు నటులచేత అంకెలు చదివించి, మాటలు తర్వాత పెట్టేవాడు. 'ద లెపర్డ్'లో బర్ట్ లాంకాస్టర్‌కు ఇటాలియన్‌లో వేరొకరి గొంతు. ఆయన సొంత గొంతు వినాలంటే ఇంగ్లీషు ప్రతి చూడాలి. ఆ ఇంగ్లీషు ప్రతిని అమెరికాలో 161 నిమిషాలకు కోసేశారు. పూర్తి ఇటాలియన్ ప్రతి 185 నిమిషాలు. 2004లో క్రైటీరియన్ రొతున్నొ పర్యవేక్షణలో తెచ్చిన మూడు డిస్కుల సెట్టులో రెండు ప్రతులూ ఇచ్చింది. నా దృష్టిలో ఆ సెట్టు విలువ వ్యాసాల్లో లేదు, ఈ రెండు ప్రతులను పక్కపక్కన పెట్టడంలో ఉంది. ఏది మేలో ప్రేక్షకుడే తేల్చుకుంటాడు.

'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ'కి 2003లో ఇంకో సంగతి జరిగింది. ఇటలీలో ఉండి అమెరికా ప్రతిలో లేని దృశ్యాలను చేర్చినప్పుడు వాటికి ఇంగ్లీషు మాటలు లేవు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత ఈస్ట్‌వుడ్, వాలక్ మళ్లీ మైకు ముందుకొచ్చారు. లీ వాన్ క్లీఫ్ 1989లోనే పోయాడు కాబట్టి ఆయనకు ఇంకొకరు చెప్పారు. ముప్పైల్లో ఉన్న ఈస్ట్‌వుడ్ ముఖంలోంచి డెబ్బై దాటిన గొంతు. ముచ్చటకు బాగానే ఉంటుంది. అయితే అదే సందర్భంలో ఒకే చానల్ మోనో ధ్వనిని ఆరు చానళ్ల 5.1గా విడదీసి తుపాకుల మోతలు కూడా కొత్తవి పెట్టారు. ఆ సినిమాల్లో తుపాకీ మోత ఒక సంగీత వాయిద్యం. సంగీత దర్శకుడు మొరికోనె స్వరాలకు తాళం వేసేది అదే. అసలు మోనో ట్రాకు లేని లియోనె డిస్కు ఎంత ఖరీదైన పెట్టెలో వచ్చినా నాకు సగం డిస్కే. దీనికి మీరు మార్కులు కోసేయాలి.

సబ్‌టైటిళ్ల దగ్గర మాలాంటివాళ్లు పూర్తిగా మీ దయ మీద ఆధారపడతాం. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు లేకపోతే డిస్కు మాకు మూగది. ఇటలీలో వచ్చే ఎన్నో మంచి డిస్కులకు అవి ఉండవు. ఉన్నా, కొన్నింటిలో ఇటాలియన్ మాటలను అనువదించకుండా పాత ఇంగ్లీషు డబ్బింగులోని మాటలనే ఎత్తి కింద అంటిస్తారు. పేరు చెప్పను గానీ, మేం తెప్పించిన ఒక నేర కథా చిత్రంలో తెరమీది పోలీసు అధికారి నాలుగు వాక్యాలు మాట్లాడితే కింద ఒక్క వాక్యం పడింది. ఆయన ఊరి పేరు, వీధి పేరు చెబుతున్నాడు. కింద ఊరూ లేదు, వీధీ లేదు. నాకున్న పొడిపొడి ఇటాలియన్‌కే అది తెలిసిపోయింది. ప్రచురణకర్తకు తెలియదా? విస్కోంతీ 1948లో 'లా తెర్రా త్రేమా'ను ఆచి త్రెజా బెస్తలచేత వాళ్ల సిసిలీ యాసలోనే మాట్లాడించాడు. మిగతా ఇటలీకే అది అర్థం కాదు. అందుకని ఇటాలియన్‌లో వ్యాఖ్యానం జోడించారు. బెస్తల మాట, వ్యాఖ్యాత మాట రెండూ ఒకే తీరు ఇంగ్లీషులో కింద పడితే సినిమాలో సగం విషయం పోయినట్టే. కనీసం వాలు అక్షరాలతోనైనా తేడా చూపవచ్చు. ఇలాంటి శ్రద్ధ చూపిన డిస్కును వెతికి పట్టుకుని బహుమతి ఇవ్వండి.

చిన్న విషయం ఒకటి, త్వరగా చెప్పేస్తాను. ఇటలీ, భారత్ రెండూ టీవీకి పాల్ అనే ప్రసార పద్ధతి వాడిన దేశాలు. అందుకని పాత డీవీడీల్లో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25గా ఆడించారు. 185 నిమిషాల సినిమా దాదాపు 178కి దిగుతుంది, గొంతులు కాస్త సన్నబడతాయి. అట్ట మీద నిడివి తక్కువ కనబడితే కోత పడిందా, వేగం పెరిగిందా అని తల పట్టుకోవాలి. బ్లూరే వచ్చాక ఈ బెడద చాలావరకు తీరింది, కానీ టీవీ కోసం చేసిన పాత మాస్టర్లను నేటికీ బ్లూరేల మీదికి ఎక్కించేవాళ్లున్నారు.

ఇప్పుడు కాగితం సంగతి. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, అంతర్జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ల సమాఖ్య కలిసి హైదరాబాదులో ఫిల్ము పరిరక్షణ శిక్షణ నడిపాయి. ఏటా ఒక నగరంలో జరిగిన ఈ శిక్షణల్లో మీ ఊరి ల్యాబు నిపుణులు పాఠాలు చెప్పారు. ఇలాంటి శిక్షణలో నేర్పే మొదటి పాఠం ఏమిటో మీకు నేను చెప్పాలా? డబ్బా తెరవగానే రాయడం. ఎన్ని అతుకులు, ఎంత కుదింపు, ఏ అంచున చిరుగు, ఏ ఫ్రేములు లేవు, అన్నీ. పునరుద్ధరణ ముగిసేసరికి ల్యాబు దగ్గర లావుపాటి నివేదిక తయారవుతుంది. కొన్నవాడికి చేరేది మాత్రం 'కొత్త 4కే పునరుద్ధరణ' అనే ఒక్క స్టిక్కరు. దేనికి 4కే? కెమెరా నెగెటివ్‌కా, దాని నుంచి తీసిన మూడో తరం ప్రతికా? పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు మీద కూడా లోపల ఏమేం కలిపారో అచ్చేస్తారు. కొన్ని వేలు పోసి కొనే సినిమాకు ఆ మర్యాద ఎందుకు లేదు?

కాబట్టి వచ్చే ఏడాది నుంచి పోటీకి పంపే ప్రతి డిస్కుతోనూ ఒక్క పేజీ అడగండి. స్కాన్ చేసింది ఏ ప్రతిని, అది ఎవరి దగ్గర ఉంది. లేని భాగాలను ఎక్కడి నుంచి తెచ్చి పూరించారు. రంగుకు దేన్ని కొలమానంగా పెట్టుకున్నారు, ఎవరు సరే అన్నారు, వాళ్లు అసలు చిత్రంలో పనిచేశారా లేదా. రేణువులు తగ్గించారా. ఫ్రేము వెడల్పు ఎంత, విడుదలైనప్పుడు ఎంత. ఏ ధ్వని ట్రాకు, అది ఎప్పటిది. సబ్‌టైటిళ్లు ఏ భాష విని రాశారు. ఈ పేజీ డిస్కు పెట్టెలోనూ ఉండాలి. ల్యాబుల దగ్గర ఇదంతా ఇప్పటికే రాసి ఉంది. కొత్తగా చేయాల్సిన పనేమీ లేదు, అచ్చు ఖర్చు తప్ప.

డిస్కులు చూసేటప్పుడు కూడా కంప్యూటర్ తెర మీద అక్కడక్కడ దూకించి చూడకుండా, రంగులు సరిగ్గా అమర్చిన తెర మీద ఒక చీకటి ఘట్టం, ఒక ఎండ ఘట్టం, మనిషి ముఖం దగ్గరగా ఉన్న ఒక ఘట్టం ఆపకుండా చూడండి. 'ద లెపర్డ్' వస్తే తొడుగులు, 'రెడ్ డెజర్ట్' వస్తే పళ్ల బండి చూడమని నా సలహా. లియోనె అయితే కళ్లు మూసుకుని మొదటి తుపాకీ మోత వినండి. ఏ ఏడాదైనా పెట్టె సెట్టులో పుస్తకం అద్భుతంగా ఉండి సినిమాకు అన్యాయం జరిగితే, పుస్తకానికి బహుమతి ఇచ్చి ఆ మాట మీ నివేదికలో ఒప్పుకోండి. అర్హమైనది లేకపోతే ఆ ఏడు బహుమతిని ఆపేయండి. పత్రికలన్నీ దాని గురించే రాస్తాయి, మీకే మేలు.

1952లో భారత తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో మొదలై మద్రాసుకూ వచ్చింది. 'బైసికిల్ థీవ్స్', 'రోమ్, ఓపెన్ సిటీ' ఆ ఉత్సవంలో ఉన్నాయి. తెలుగు సినిమా అప్పట్లో మద్రాసులోనే ఉండేది. నాడు ప్రింట్లు వచ్చి వెళ్లాయి; నేడు మాకు ఆ సినిమాలంటే డిస్కులే. మీ ఊరి నడిబొడ్డున ఉన్న పియాత్సా మజోరె చౌరస్తాలో రాత్రిపూట పెద్ద తెర మీద చూసే భాగ్యం మాకు లేదు. అందుకే మీ తీర్పు మాకు ఇంత ముఖ్యం.

పోటీ నిబంధనలు ఈసారి ప్రకటించేటప్పుడు ఆ ఒక్క పేజీ షరతు చేర్చారో లేదో చూస్తాం. చేర్చలేకపోతే ఎందుకు చేర్చలేదో రాయండి. ఆ జవాబును తెలుగులోకి మార్చి మా సభ్యులకు వినిపించే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక ఫిల్మ్ సొసైటీ సభ్యుడు,
హైదరాబాదు